విండోస్ 7 కస్టమర్లని ఇంక వదిలేయొచ్చా? బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు చెప్పండి

మధు_మారతహళ్లి
మాది మారతహళ్లిలో నలుగురం నడుపుకునే చిన్న ఆఫీసు. మందుల షాపులకి, చిన్న హోల్‌సేల్ వాళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. కస్టమర్లలో ఎక్కువమంది హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు వాళ్లు. బెంగళూరులో చిక్‌పేట, కేఆర్ పురంలో కొందరు ఉన్నారు. అప్లికేషన్ సీ ప్లస్ ప్లస్‌లో, క్యూటీ (స్క్రీన్లు, బటన్లు లాంటివి రెడీమేడ్‌గా ఇచ్చే కోడ్ లైబ్రరీ) 5.15 మీద రాసింది. ఇప్పుడు క్యూటీ 6కి వెళ్దామంటే దానికి కనీసం విండోస్ 10 కావాలి, అందులోనూ 1809 వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. మా షాపుల్లో ఐదింట ఒకటి ఇంకా విండోస్ 7 మీదే ఉంది. అందులో సగం 32-బిట్, 2 జీబీ ర్యామ్.

మైక్రోసాఫ్ట్ వాళ్లే 2020 జనవరి 14న చేతులు దులుపుకున్నారు, డబ్బు కట్టి పొడిగించుకున్న కంపెనీలకి కూడా 2023 జనవరి 10తో అయిపోయింది, మధ్యలో మనమెందుకు మోయాలి అని మా పార్ట్‌నర్ పట్టు. సపోర్ట్ ఫోన్లు ఎత్తే మా కుర్రాడేమో "అన్నా, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ డబ్బు) టైముకి కట్టేది వాళ్లే" అంటున్నాడు. అదీ నిజమే. ఇంకోపక్క ఒక కస్టమర్ కొడుకు మాక్‌బుక్ కొన్నాడట, మాక్ వెర్షన్ ఎప్పుడిస్తారని ఒకటే ఫోన్లు. ఒక కాలేజీ స్టోర్స్ వాళ్లు లినక్స్ అడుగుతున్నారు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో మీరెలా తేలుస్తారు?

బగ్_బాబు
వదిలేయ్. దీనికి చర్చ దేనికి?

అనంతపురం_కుర్రోడు
బాబు ఒక్క ముక్కలో తేల్చేశాడు. మా నాన్నది మందుల షాపే. ఆయన కంప్యూటర్ 2011లో కొన్నది, విండోస్ 7. బిల్లు వస్తోంది, టాలీ తెరుచుకుంటోంది, రాత్రి షట్టర్ దించేటప్పుడు కౌంటర్ లెక్క సరిపోతోంది. ఆయన దృష్టిలో అది బాగానే ఉన్న కంప్యూటర్. "నీ సాఫ్ట్‌వేర్ కోసం నేను కంప్యూటర్ మార్చాల్నా, నా కంప్యూటర్ కోసం నువ్వు సాఫ్ట్‌వేర్ మార్చాల్నా?" అని అడుగుతాడు. నేను ఎలక్ట్రానిక్ సిటీలో జావా రాసుకుంటూ బతుకుతున్నా, నా దగ్గర సమాధానం లేదు.

బగ్_బాబు
సమాధానం ఉంది. ఆ కంప్యూటర్‌ని నెట్‌కి కలిపి ఉంచితే ఏదో ఒకరోజు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తుంది. అప్పుడు మీ నాన్న ఫోన్ చేసేది మైక్రోసాఫ్ట్‌కి కాదు, మధుకి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7 మెషీన్లే. అప్పటికి దానికింకా సపోర్ట్ ఉంది, ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చింది, జనం వేసుకోలేదంతే. ఇప్పుడు ఆ ప్యాచ్ కూడా రాదు.

సీనియర్_సీను
మధూ, వదలాలా వద్దా అనే ముందు అది నీ చేతిలో ఎంతవరకు ఉందో చూసుకో. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగినప్పుడు నేను ఇలాంటి ప్రొడక్ట్ మీదే ఉన్నాను, అప్పుడూ ఇదే గొడవ. ఆఫీసులో మీటింగుల మీద మీటింగులు పెట్టుకున్నాం. చివరికి తేల్చింది కంపైలర్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే టూల్).

ఇప్పుడూ అంతే, మనం వాడే టూల్సే ఒక్కొక్కటిగా విండోస్ 7ని వదిలేశాయి. పైథాన్ భాష 3.8తో విండోస్ 7కి సరి, 3.9 దాని మీద ఎక్కదు. ఆ 3.8కి కూడా 2024 అక్టోబర్‌తో చెల్లు. గో భాషకి 1.20 ఆఖరు, 1.21కి విండోస్ 10 కావాలి. డెస్క్‌టాప్ యాప్‌లు చేయడానికి వాడే ఎలక్ట్రాన్‌లో 22 ఆఖరు. విండోస్ 7 వాళ్ల కోసమే దాని గడువు 2023 అక్టోబర్ దాకా లాక్కొచ్చారు, తర్వాత వాళ్లూ వదిలేశారు. రస్ట్ భాష 1.78 నుంచి మామూలు టార్గెట్‌కి (ప్రోగ్రామ్ ఏ సిస్టమ్ కోసం తయారవుతుందో దానికి) విండోస్ 10 అడుగుతుంది, విండోస్ 7కి వేరే టార్గెట్ పెట్టి మూడో వరుసలో కూర్చోబెట్టారు. క్రోమ్ 109తో ఆగింది. ఆటలు ఆడుకునే స్టీమ్ కూడా 2024 జనవరి 1న ఆపేసింది.

నువ్వు క్యూటీ 5.15లో ఉన్నావు కాబట్టి నడుస్తోంది. కానీ దాని మామూలు సపోర్ట్ కూడా 2025 మేతో అయిపోయింది. రేపు అందులో ఒక సెక్యూరిటీ బగ్ బయటపడితే డబ్బు కట్టి పొడిగింపు కొనుక్కోవాలి, లేదా నువ్వే ప్యాచ్ చేసుకోవాలి. అందుకే నేను ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) పేరు పట్టుకుని ఆలోచించను. నేను వాడే లైబ్రరీల్లో ఏది ముందు తలుపు వేస్తుందో చూస్తా. ఆ తేదీకి ఆర్నెల్ల ముందే కస్టమర్ చెవిన వేస్తా.

పెంగ్విన్_ప్రసాద్
ఇంత బాధ ఎందుకు? ఆ 2 జీబీ మెషీన్ల మీద లినక్స్ వేసి ఇచ్చేయండి. క్యూటీలో రాశారు కాబట్టి కోడ్ పెద్దగా మార్చక్కర్లేదు. అప్‌డేట్లు వస్తాయి, లైసెన్స్ ఖర్చు లేదు, పైరసీ గోల లేదు.

మెస్_భోజనం
ఆరో పోస్టుకి లినక్స్ వచ్చింది. ఈసారి కొంచెం లేటు.

అనంతపురం_కుర్రోడు
ప్రసాద్ అన్నా, టాలీ సంగతేంటి? అది విండోస్‌కే. ఆడిటర్ పెన్‌డ్రైవ్‌లా ఇచ్చిన డిజిటల్ సంతకం టోకెన్ ఉంటుంది, దాని డ్రైవర్ ఎక్కించడానికి విండోస్‌లోనే ఒక పూట పడుతుంది. షాపు కంప్యూటర్ అంటే ఒక్క బిల్లింగే అనుకుంటున్నావు. అక్కడ మా అక్క కూతురి ప్రాజెక్ట్ రిపోర్టులు కూడా ఉంటాయి.

పెంగ్విన్_ప్రసాద్
అన్ని షాపులకీ టాలీ ఉండదు తమ్ముడూ. బీటీఎం లేఔట్‌లో మా బావమరిది టిఫిన్ సెంటర్ కౌంటర్‌లో పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ లినక్స్ వేసిచ్చాను. థర్మల్ ప్రింటర్‌కి డ్రైవర్ కూడా వేయలేదు. బిల్లు ప్రింటర్లకి అర్థమయ్యే ఈఎస్‌సీ/పీఓఎస్ కమాండ్లు నేరుగా ప్రింటర్ పోర్టుకి రాసేయడమే. పొద్దున ఆరుకి ఆన్ చేస్తే బిల్లింగ్ స్క్రీన్ తప్ప ఇంకేం కనపడదు. కుర్రాళ్లు అందులో సినిమాలు పెట్టుకునే వీల్లేదు, అందుకే మా బావమరిదికి మరీ ఇష్టం.

కెర్నల్_కామేశ్
నేనూ లినక్స్ మనిషినే, కానీ ప్రసాద్ చెప్పేది తన చేత్తో పెట్టిచ్చిన ఒక్క మెషీన్ సంగతి. ప్రొడక్ట్‌గా అమ్మేటప్పుడు "లినక్స్ సపోర్ట్ చేస్తాం" అంటే ఏ లినక్స్ అనేదే మొదటి ప్రశ్న. నీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 మీద బిల్డ్ చేస్తే (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేస్తే) అది పాత డిస్ట్రోలో (లినక్స్ రకంలో) లేవదు, కావలసిన జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) వెర్షన్ లేదని మొరాయిస్తుంది. పాతదాని మీద బిల్డ్ చేస్తే కొత్తవాటి మీద మామూలుగా నడుస్తుంది. అందుకే నువ్వు మాటిచ్చిన వాటిలో అన్నిటికంటే పాత డిస్ట్రో ఏదో దాని మీదే బిల్డ్ చేయాలి. సెంటాస్ 7 అనే పాత డిస్ట్రోలోని జీలిబ్‌సీ 2.17 మీద చాలామంది ఏళ్లకేళ్లు అలాగే నెట్టుకొచ్చారు. దానికీ 2024 జూన్ 30న తెర పడింది.

పెద్దవాళ్లకి కూడా ఇది తలనొప్పే. 2024 మొదట్లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్ 1.86 సర్వర్ వైపు జీలిబ్‌సీ 2.28 అడిగేసరికి ఉబుంటు 18.04, సెంటాస్ 7 సర్వర్లకి రిమోట్‌గా కనెక్ట్ అయ్యేవాళ్లు ఒక్కసారిగా గగ్గోలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే ఇంకో అప్‌డేట్ వదిలి తాత్కాలికంగా గడువు ఇవ్వాల్సి వచ్చింది.

మధు, ఆ కాలేజీ వాళ్లని ఏ డిస్ట్రో, ఏ వెర్షన్ అని అడిగావా? గవర్నమెంట్ కాలేజీ అయితే చెన్నై సీడాక్ (ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్ల బాస్ లినక్స్ కూడా ఉండొచ్చు.

మధు_మారతహళ్లి
అడిగాను. "ఉబుంటు సార్, ఏదైనా పర్లేదు" అన్నారు.

కెర్నల్_కామేశ్
ఏదైనా పర్లేదు అనేవాళ్లతోనే జాగ్రత్త. ఉబుంటు 22.04, 24.04 రెండే అని కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టించుకో. లేకపోతే ల్యాబ్ అసిస్టెంట్ ఒక ఆదివారం ఫెడోరా అనే ఇంకో లినక్స్ వేస్తాడు, సోమవారం నీకు ఫోన్ వస్తుంది.

క్యూఏ_సుజాత
ఇక్కడ అందరూ విండోస్ 7 గురించే కొట్టుకుంటున్నారు. నాకు విండోస్ 10 అంటేనే ఎక్కువ భయం. కస్టమర్ "మాది విండోస్ 10 అండీ" అంటాడు. ఏ విండోస్ 10? 2015 జూలైలో వచ్చినప్పటి నుంచి దానికి బోలెడు వెర్షన్లు వచ్చాయి. షాపుల్లో సగం చోట్ల ఎవరో కుర్రాడు క్రాక్ చేసి పెట్టిపోయింది ఉంటుంది. అప్‌డేట్ అయితే క్రాక్ పోతుందేమోనని అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేసి ఉంటాడు. 1607 వెర్షన్ మీద ఇవాళ్టికీ నడుస్తున్న మెషీన్లు నేను చూశాను. మధు గారూ, మీ క్యూటీ 6కి 1809 కావాలి కాబట్టి విండోస్ 7 వదిలేశామని సంబరపడేలోపు విండోస్ 10 వాళ్లలో కొందరు కూడా జారిపోతారు.

ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పుడున్న వెర్షన్‌లోనే చిన్న అప్‌డేట్ ఇచ్చి ఓఎస్ బిల్డ్ నంబర్ (అచ్చంగా ఏ వెర్షనో చెప్పే అంకె), 32-బిట్టా 64-బిట్టా, ర్యామ్ ఎంత, ప్రింటర్ మోడల్ ఏంటి అనేవి లైసెన్స్ రెన్యువల్ అప్పుడు మీ సర్వర్‌కి పంపేలా చేయండి. కస్టమర్‌కి చెప్పి, ఒప్పుకున్నాకే. ప్రపంచంలో ఎంత శాతం విండోస్ 7 ఉందో ఇంటర్నెట్‌లో చార్టులు దొరుకుతాయి, అవి మీ హిందూపురం షాపులకి పనికిరావు.

ఇంకో మాట. సపోర్ట్ అనే మాటని కూడా విడగొట్టుకోవాలి. సీను గారు రస్ట్ పేరెత్తారు కదా, వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. మొదటి వరుస అంటే పనిచేస్తుందని హామీ. రెండో వరుస అంటే బిల్డ్ అవుతుందని హామీ. మూడోది అంటే కోడ్ ఉంది, మీ అదృష్టం. మన దగ్గర సేల్స్ వాళ్లు మూడో వరుసవి కూడా మొదటి వరుసలో వేసి అమ్మేస్తారు.

మెస్_భోజనం
మా సేల్స్ వాడు మొన్న నాలుగో వరుస కూడా అమ్మాడు. ఇంకా రాయలేదు ఆ ఫీచర్.

హోసూరు_రోడ్డు
విండోస్ 7కి ఇప్పుడున్న బిల్డ్‌ని అలాగే ఫ్రీజ్ చేసి పక్కన పెట్టొచ్చు కదా. కొత్త ఫీచర్లు ఉండవు, బగ్ ఫిక్సులు ఉండవు, వాడుకున్నన్నాళ్లు వాడుకోండి అని చెప్పేయడమే. మేం మా ఇన్వెంటరీ టూల్‌కి అలాగే చేశాం, ఒక్కరూ గొణగలేదు.

ఆర్టీనగర్_రమణ
ఇన్వెంటరీ టూల్‌కి కుదురుతుంది బాసూ, బిల్లింగ్‌కి ఫ్రీజ్ అంటే ఎలా? 2025 సెప్టెంబర్ 22 మర్చిపోయావా? జీఎస్టీ శ్లాబులు మారిన రోజు. మందులు చాలావరకు 12 శాతం నుంచి 5కి వచ్చాయి, కొన్ని ప్రాణాధార మందులకి పన్నే లేదు. ఆ రోజు పొద్దున షట్టర్ తీసేసరికి ప్రతి షాపులోనూ కొత్త రేట్లు ఉండాలి. విండోస్ 7 అనీ 11 అనీ పన్ను చూడదు.

నేను ఇంకో కంపెనీ బిల్లింగ్ ప్రొడక్ట్‌కి ఫీల్డ్ సపోర్ట్ చేస్తాను. ఆ వారం నిద్ర లేదు. పన్ను రేట్లు డేటాబేస్‌లో టేబుల్‌గా ఉన్న షాపులకి ఫోన్లోనే చెప్పి మార్పించాను. పాత వెర్షన్లో 5, 12, 18, 28 అని కోడ్‌లోనే రాసిపెట్టేశారు, వాటికి బిల్డ్ మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ బిల్డ్ తీసే మెషీన్ ఆఫీసులో ఎక్కడుందో వెతకడానికే మధ్యాహ్నం అయింది.

హోసూరు_రోడ్డు
సరే, రేట్లు ఫైల్లోంచి చదివేలా చేసి అప్పుడు ఫ్రీజ్ చేయాలి. నేను ఇంకా ఫ్రీజ్ వైపే.

ఆర్టీనగర్_రమణ
రేట్లే కాదు, బిల్లు ఫార్మాట్ మారుతుంది, రిటర్న్ ఫైల్ ఫార్మాట్ మారుతుంది. అవన్నీ టెంప్లేట్లుగా బయట ఉంటే ఫ్రీజ్ నిలబడుతుంది. లేకపోతే ఫ్రీజ్ పేరుతో రెండు ప్రొడక్టులు మోసినట్టే.

క్లౌడ్_కిట్టు
2026లో డెస్క్‌టాప్ అప్లికేషన్ ఏంటి గురూ? బ్రౌజర్‌లో పెట్టెయ్. ఓఎస్ ఏదైతే నీకేంటి.

అనంతపురం_కుర్రోడు
కిట్టు అన్నా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. నెట్ పోతే? మందుల షాపులో సాయంత్రం ఏడుకి పది మంది నిలబడి ఉంటారు. సర్వర్ లోడ్ అవుతోంది అంటే పక్క షాపుకి పోతారు.

సీనియర్_సీను
పైగా బ్రౌజర్‌లో పెట్టినంత మాత్రాన ఓఎస్ గొడవ పోదు, వేరే రూపంలో వస్తుంది. విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయిందని పైన చెప్పా. కొత్త సీఎస్ఎస్ (వెబ్‌పేజీ రూపాన్ని తీర్చే కోడ్) వాడితే అక్కడ స్క్రీన్ చెదురుతుంది. ఫైర్‌ఫాక్స్ వాళ్లు 115 ఈఎస్ఆర్‌ని (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్‌ని) పాత విండోస్ వాళ్ల కోసం పొడిగిస్తూ వచ్చారు కానీ షాపువాడికి ఫైర్‌ఫాక్స్ ఎవరు నేర్పుతారు? ఫోన్లలోనూ ఇదే కథ. క్రోమ్ 139కి ఆండ్రాయిడ్ 10 కావాలి, 8, 9 ఉన్నవాళ్లు 138 దగ్గరే మిగిలిపోయారు.

క్లౌడ్_కిట్టు
కనీసం మద్దతు ఇవ్వాల్సిన బ్రౌజర్లు రెండో మూడో ఉంటాయి. ఓఎస్ ఇంటూ ప్రింటర్ ఇంటూ డ్రైవర్ కంటే నయమే కదా.

ఆర్టీనగర్_రమణ
బ్రౌజర్‌లోంచి థర్మల్ ప్రింటర్‌కి బిల్లు కొట్టి చూపించు, ఒప్పుకుంటా. ప్రతి బిల్లుకీ ప్రింట్ డైలాగ్ లేచి "పేపర్ సైజు ఏ4" అంటుంది. కౌంటర్ కుర్రాడు ఎంటర్ కొడతాడు, మూడంగుళాల కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలతో బిల్లు వస్తుంది.

క్లౌడ్_కిట్టు
లోకల్‌గా చిన్న ప్రింట్ సర్వీస్ వేస్తే సరి.

ఆర్టీనగర్_రమణ
ఆ సర్వీస్ ఏ ఓఎస్ మీద నడుస్తుంది మరి?

మెస్_భోజనం
కిట్టు అవుట్. మళ్లీ మొదటి పోస్టు నుంచి చదువుకుందాం రండి.

మాక్_మాధవి
మాక్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. మేం డిజైనర్లకి ఒక చిన్న టూల్ అమ్ముతాం, ఇందిరానగర్‌లో ఆఫీసు. మా కస్టమర్లంతా మాక్ వాళ్లే, అందుకని మాకు గిట్టుబాటు. మధు గారికి ఒక్క కస్టమర్ కొడుకు కోసం మాక్ వెర్షన్ అంటే నేనైతే చేయను.

ఖర్చు చూడండి. యాపిల్ డెవలపర్ ప్రోగ్రామ్ ఏడాదికి 99 డాలర్లు. అది లేకుండా నోటరైజ్ (యాప్‌ని యాపిల్ తనిఖీ చేసి ముద్ర వేయడం) చేయించలేరు. నోటరైజ్ కాని యాప్‌ని కస్టమర్ డబుల్ క్లిక్ చేస్తే మాల్‌వేర్ లేదని తేల్చలేకపోయాం అన్నట్టు మెసేజ్ వస్తుంది, సగం మంది అక్కడే భయపడి తీసేస్తారు. టెస్ట్ చేయడానికి నిజం మాక్ కావాలి. 2020 నవంబర్‌లో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చిన దగ్గర్నుంచి ఇంటెల్‌కి ఒకటి, ఆపిల్ చిప్‌కి ఒకటి చూసుకోవాల్సి వచ్చింది. 2025లో వచ్చిన మాక్ఓఎస్ టాహోనే ఇంటెల్ మాక్‌లకి ఆఖరు వెర్షన్ అని యాపిల్ చెప్పేసింది కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలెట్టేవాళ్లు ఆపిల్ చిప్ ఒక్కటే పెట్టుకోవచ్చు. అదొక్కటే మీకు కలిసొచ్చే విషయం. ప్రతి ఏడాదీ కొత్త వెర్షన్ వస్తుంది, ప్రతి ఏడాదీ ఏదో ఒక పర్మిషన్ కొత్తగా అడుగుతుంది. యాపిల్ వాళ్లు పాతవాటిని వదలడానికి మొహమాటపడరు. 2019లో కాటలీనా వెర్షన్‌తో 32-బిట్ యాప్‌లన్నీ ఒక్క దెబ్బకి పోయాయి.

విండోస్‌లో ఇవేవీ లేవనీ అనుకోకండి. 2023 జూన్ నుంచి కోడ్ సైనింగ్ కీ (సాఫ్ట్‌వేర్ మనదేనని డిజిటల్ సంతకం పెట్టే తాళం) హార్డ్‌వేర్ టోకెన్‌లోనో అలాంటి భద్రమైన పరికరంలోనో ఉండాలన్నారు. మా టోకెన్ ఆఫీసు బీరువాలో ఉంటుంది. బిల్డ్ ఇంటి నుంచి చేద్దామంటే కుదరదు. రిలీజ్ రోజున సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి రావాల్సిందే.

బగ్_బాబు
మాధవి గారి లెక్కకి నా ఓటు. కాకపోతే అదే లెక్క విండోస్ 7కి కూడా వేయమంటున్నా. టెస్టింగ్, పాత లైబ్రరీలు, ఫోన్లు, అన్నీ కలిపి ఏడాదికి ఎంత తింటోంది? ఏఎంసీ టైముకి కడతారని కుర్రాడు అన్నాడు కానీ ఏఎంసీ ఎంత?

మధు_మారతహళ్లి
మూడున్నర వేలు ఏడాదికి. ఫోన్ల లెక్క మాత్రం నిజంగానే ఎక్కువ. విండోస్ 7 వాళ్లు ఐదింట ఒక వంతే అయినా ఫోన్లలో సగం వాళ్లవే.

ఆర్టీనగర్_రమణ
ఆ ఫోన్లలో ఓఎస్ వల్ల వచ్చేవి ఎన్ని, కంప్యూటర్ పాతబడి వచ్చేవి ఎన్ని అని విడదీయాలి. ఒకటి చెప్తా. హిందూపురంలో ఒక షాపు, ప్రతి ఉదయం "సర్వర్‌కి కనెక్ట్ కావట్లేదు". విండోస్ 7 కాబట్టి టీఎల్ఎస్ (సర్వర్‌తో భద్రంగా మాట్లాడే పద్ధతి) సమస్య అని ఆఫీసులో అందరూ తీర్మానించారు. వెళ్లి చూస్తే గడియారం 2009 జనవరి 1 చూపిస్తోంది. మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల సెల్ అయిపోయింది. రాత్రి మెయిన్ స్విచ్ ఆపేస్తారు కాబట్టి పొద్దునకల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ 2009 అయితే మా సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కదా, కనెక్షన్ ఎలా ఒప్పుకుంటుంది? వెనక క్యాబినెట్ విప్పితే లోపల మందు స్ట్రిప్పుల వెండి కాగితం ముక్కలు, బల్లి గుడ్డు పెంకులు. సీఆర్2032 సెల్ పక్క వాచీ షాపులో దొరికింది, వేశాను, అయిపోయింది. అదే షాపుకి విండోస్ 11 ఉన్నా అదే ఫోన్ వచ్చేది.

క్యూఏ_సుజాత
రమణ గారిది వంద శాతం నిజం. ఇందుకే ప్రోగ్రామ్ మొదలవగానే తేదీ చూడాలి. ఆఖరి బిల్లు తేదీ కంటే ఇవాళ్టి తేదీ వెనక ఉంటే బిల్లింగ్ ఆపి "కంప్యూటర్ తేదీ సరిచూసుకోండి" అని తెలుగులో చెప్పాలి. ఆ ఒక్క మెసేజ్‌తో ఫోన్లు తగ్గుతాయి.

కెర్నల్_కామేశ్
అలాగని టీఎల్ఎస్ సమస్య లేదనీ కాదు. విండోస్ 7లో టీఎల్ఎస్ 1.2 ఉంది కానీ డీఫాల్ట్‌గా ఆన్ అయి ఉండదు. విన్‌హెచ్‌టీటీపీ (నెట్‌తో మాట్లాడే విండోస్ భాగం) వాడే ప్రోగ్రాములకి కేబీ3140245 అనే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ వేసి రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోట) విలువ పెట్టాలి. మధు, మీరు విండోస్ వాళ్ల టీఎల్ఎస్ వాడుతున్నారా, ఓపెన్ఎస్ఎస్ఎల్ (అదే పని చేసే ఉచిత లైబ్రరీ) మీతోపాటే ఇస్తున్నారా?

మధు_మారతహళ్లి
ఓపెన్ఎస్ఎస్ఎల్ ఫైళ్లు (డీఎల్ఎల్‌లు) ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తాం. అప్‌డేటర్ మాత్రం వేరే చిన్న ప్రోగ్రామ్, అది విన్‌హెచ్‌టీటీపీ.

కెర్నల్_కామేశ్
అయితే ఆ కేబీ అప్‌డేట్ పడని షాపుల్లో బిల్లింగ్ బాగానే ఉండి అప్‌డేటర్ ఒక్కటే ఏడుస్తూ ఉంటుంది. ముందు అది సరిచెయ్.

అనంతపురం_కుర్రోడు
తెలుగు మెసేజ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా నాన్న షాపులో ఒక సాఫ్ట్‌వేర్ డెమో ఇచ్చారు, బిల్లు మీద షాపు పేరు తెలుగులో వస్తుందని. ఆయన మెషీన్‌లో అన్నీ డబ్బాలే వచ్చాయి. "మన శ్రీ వెంకటేశ్వరా మెడికల్స్ డబ్బాలయిపోయిందే" అని నవ్వాడు. అది కూడా ఓఎస్ గొడవేనా?

క్యూఏ_సుజాత
ఓఎస్ గొడవే. కోడ్‌లో నిర్మల యూఐ ఫాంట్ పేరు నేరుగా రాసి ఉంటారు. అది విండోస్ 8 నుంచే వచ్చింది. విండోస్ 7లో తెలుగుకి గౌతమి, వాణి ఉంటాయి. చాలా ప్రోగ్రాములు దొరకని ఫాంట్‌కి బదులు ఇంకోటి వెతుక్కుంటాయి, ప్రింట్ కోసం సొంతంగా బొమ్మ గీసే కోడ్ మాత్రం డబ్బాలు పెట్టేస్తుంది. చవక థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలే ఉండవు కాబట్టి బొమ్మగా గీసి పంపడం తప్పదు. నోటో తెలుగు లాంటి ఉచిత ఫాంట్ ఒకటి ఇన్‌స్టాలర్‌తోపాటు ఇస్తే ఏ విండోస్ అయినా, ప్రసాద్ గారి డెబియన్ అయినా ఒకేలా వస్తుంది. నాన్నగారికి చెప్పండి, బాలాజీని డబ్బాల్లోంచి బయటికి తేవచ్చని.

మెస్_భోజనం
ఈ థ్రెడ్‌లో పనికొచ్చిన మొదటి పోస్ట్ ఇదే. నేను లైక్ కొట్టి భోజనానికి పోతున్నా.

హోసూరు_రోడ్డు
ఇంకో దారి కూడా ఉంది. మేం కస్టమర్లకి కంప్యూటర్ మార్పించేశాం. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంపెనీల లీజు అయిపోయిన డెస్క్‌టాప్‌లు గుట్టలుగా వస్తాయి. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ, ఎస్ఎస్‌డీ పెట్టి పదిహేను వేల చుట్టుపక్కల ఇస్తున్నారు, పది తీసుకుంటే ఇంకా తగ్గిస్తారు. రెండేళ్ల ఏఎంసీతో కలిపి వాయిదాల్లో ఇచ్చాం.

ఒక్క జాగ్రత్త. ఆరో తరం, ఏడో తరం చాలా చవగ్గా ఊరిస్తారు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎమ్ 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా చిప్) కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14నే అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకి పొడిగింపు 2026 అక్టోబర్ 13 దాకా ఉంది, కంపెనీలు మొదటి ఏడాదికి మెషీన్‌కి 61 డాలర్లు కట్టాలి, ఏటా రెట్టింపు, మూడేళ్లే. కాబట్టి ఏడో తరం కొనిస్తే వెంటనే మళ్లీ ఇదే థ్రెడ్.

పెంగ్విన్_ప్రసాద్
ఆ ఏడో తరం మెషీన్లు నాకు పంపండి. లినక్స్ మీద పదేళ్లు నడుపుతా.

బగ్_బాబు
హోసూరు గారి దారి బాగుంది కానీ షాపువాడు మూడున్నర వేలకే బేరమాడతాడు, పదిహేను వేలు కడతాడా?

హోసూరు_రోడ్డు
అందరూ కట్టలేదు. కరెంట్ హెచ్చుతగ్గులకి ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) కాలిపోయినప్పుడు మాత్రం వెంటనే కట్టారు. అందుకే ధర రాసిన కాగితం ముందే షాపులో ఇచ్చి పెట్టాలి. పాతది పోయిన రోజు ఆ కాగితం తీస్తారు.

మధు_మారతహళ్లి
ఇప్పటిదాకా చదివాక మా పార్ట్‌నర్‌తో కూర్చున్నా. ఇలా అనుకుంటున్నాం. సుజాత గారు చెప్పినట్టు ముందు బిల్డ్ నంబర్లు సేకరిస్తాం. పన్ను రేట్లు, బిల్లు టెంప్లేట్లు కోడ్‌లోంచి బయటికి తీస్తాం, ఆ పని 5.15లోనే చేస్తాం. అది అయ్యాక 5.15 బిల్డ్ విండోస్ 7కి, పాత విండోస్ 10కి ఆఖరుది. క్యూటీ 6 బిల్డ్ కొత్త కస్టమర్లకి. 5 కోట్ల టర్నోవర్ దాటిన హోల్‌సేల్ వాళ్లకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి కదా, వాళ్లకి మాత్రం విండోస్ 7 మీద ఇవ్వం. ఆ టర్నోవర్ ఉన్నవాళ్లు కంప్యూటర్ కొనగలరు. మాక్ లేదు. కాలేజీకి 22.04, 24.04 అని రాసిస్తాం, టెస్టింగ్ ఖర్చు వాళ్లదే.

బగ్_బాబు
ఆఖరు బిల్డ్ అన్నావు, తేదీ వేయలేదు. తేదీ లేని ఆఖరు ఆఖరు కాదు.

మధు_మారతహళ్లి
2027 మార్చి 31. ఏడాది లెక్కలు అక్కడే ముగుస్తాయి, ఏఎంసీలు కూడా.

ఆర్టీనగర్_రమణ
మార్చి 31 వద్దు తమ్ముడూ. ఆ వారం షాపుల్లో స్టాక్ లెక్కలు, ఆడిటర్ ఫోన్లు, అందరూ టెన్షన్‌లో ఉంటారు. సాఫ్ట్‌వేర్ ఆగుతోందని అప్పుడు చెప్తే నిన్నే తిడతారు. జూన్ చివరికి పెట్టుకో.

క్యూఏ_సుజాత
రమణ గారి మాట వినండి. ఇంకా, ఆ 5.15 బిల్డ్ తీసే మెషీన్‌ని వర్చువల్ మెషీన్‌గా (ఇంకో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌గా) మార్చి రెండు చోట్ల కాపీ పెట్టండి, కంపైలర్ ఇన్‌స్టాలర్‌తో సహా. టెస్ట్‌కి మాత్రం వర్చువల్ మెషీన్ సరిపోదు. 2 జీబీ ర్యామ్ ఉన్న నిజం విండోస్ 7 డెస్క్‌టాప్ ఒకటి, షాపుల్లో ఎక్కువ వాడే థర్మల్ ప్రింటర్ ఒకటి ఆఫీసులో ఉండాలి.

మధు_మారతహళ్లి
సరే, జూన్ 30. డెస్క్‌టాప్ ఎస్పీ రోడ్డులో చూస్తా. రమణ అన్నా, మీరు అప్‌డేటర్ కోసం షాపుల్లో రిజిస్ట్రీ విలువ చేత్తోనే పెట్టేవాళ్లా?

ఆర్టీనగర్_రమణ
చేత్తో ఎవరు పెడతారు, రిజిస్ట్రీని మార్చే చిన్న రెగ్ ఫైల్ వాట్సాప్‌లో పంపేవాణ్ణి. విన్‌హెచ్‌టీటీపీ కింద డీఫాల్ట్ సెక్యూర్ ప్రోటోకాల్స్ అనే పేరుతో, హెక్సాలో 800. అది టీఎల్ఎస్ 1.2 ఒక్కదాన్నే ఆన్ చేస్తుంది. 64-బిట్ విండోస్ అయితే 32-బిట్ ప్రోగ్రాముల కోసం రెండో చోట కూడా పెట్టాలి, అది మర్చిపోతే మళ్లీ ఫోనే.

కెర్నల్_కామేశ్
కేబీ ముందు వేసి ఆ తర్వాత రెగ్ ఫైల్. సర్వీస్ ప్యాక్ 1 (విండోస్ 7కి వచ్చిన పెద్ద అప్‌డేట్ల మూట) లేకపోతే కేబీ కూడా ఎక్కదు, అది కూడా చూసుకో.

మధు_మారతహళ్లి
సర్వీస్ ప్యాక్ 1 లేని షాపు ఒకటి చిక్‌పేటలోనే ఉంది. రేపు పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్తున్నా.